గృహ రుణం టేకోవర్: క్యాష్‌బ్యాక్ ఎంత, గడువు ఎంత?

రాయ్‌పూర్‌లోని ఉర్లా పారిశ్రామిక వాడలో రోలింగ్ మిల్లుల్లోనూ, స్పాంజ్ ఐరన్ కర్మాగారాల్లోనూ పనిచేస్తున్న తెలుగు ఖాతాదారుల నోట ఈ మధ్య తరచుగా ఒక ప్రశ్న వినిపిస్తోంది. "సార్, ఫలానా వాళ్లు మా ఇంటి లోను తీసుకుంటారట. ప్రాసెసింగ్ ఫీజు లేదట, పైగా ఇరవై వేలు వెనక్కి ఇస్తారట. రెండేళ్లయ్యాక ఇంకో బ్యాంకుకు మారితే మళ్లీ ఇస్తారు కదా?"

ఈ ప్రశ్న వినగానే మనలో కొందరికి చిరాకు వస్తుంది. రాకూడదు. అలా మారడం వారి హక్కు. చర వడ్డీ గృహ రుణాలపై ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2012 జూన్‌లోనే బ్యాంకులను ఆదేశించింది. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే రుణాల విషయంలో నిబంధనలు ఇంకా స్పష్టం: డబ్బు ఎక్కడి నుంచి తెచ్చి కట్టినా సరే, కనీసం ఇన్నాళ్లు ఉండాలన్న షరతు లేకుండా అప్పు తీర్చేయవచ్చు. అప్పుడు మాఫీ చేసిన ఫీజును ఇప్పుడు వెళ్లిపోతున్నారు కదా అని తిరిగి వసూలు చేయడానికీ వీల్లేదు. కాబట్టి ఖాతాదారుణ్ని ఆపేది షరతు కాదు, లెక్క ఒక్కటే. ఆ లెక్కను మనం కౌంటరు దగ్గరే వేసి చూపించాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. బాకీ 30 లక్షలు, మిగిలిన గడువు 15 ఏళ్లు, వడ్డీ 8.50 శాతం. ఈఎంఐ 29,542 రూపాయలు. కొత్త బ్యాంకు 8 శాతానికి ఇస్తానంటోంది. అదే 15 ఏళ్ల గడువుకు ఈఎంఐ 28,670 అవుతుంది. నెలకు 872 రూపాయలు, మొత్తం మీద సుమారు 1 లక్షా 57 వేలు మిగులు. మారడానికి 30 వేలు ఖర్చయిందనుకున్నా ఇది మంచి బేరమే. క్యాష్‌బ్యాక్ లేకపోయినా మంచి బేరమే.

కానీ టేకోవర్ ఏజెంటు చూపించే కాగితం మీద సాధారణంగా ఈ అంకె ఉండదు. అందులో గడువు మళ్లీ 20 ఏళ్లు. ఈఎంఐ 25,093. నెలకు దాదాపు 4,450 తగ్గింది, చేతికి ఇరవై వేలు వచ్చాయి, ఇంట్లో అందరూ సంతోషం. ఇప్పుడు మొత్తం చెల్లింపు చూడండి. పాత చోటే ఉంటే 15 ఏళ్లలో కట్టేది 53 లక్షల 17 వేలు. కొత్త చోట 20 ఏళ్లలో కట్టేది 60 లక్షల 22 వేలు. వడ్డీ రేటు తగ్గింది, కట్టేది మాత్రం 7 లక్షలు పెరిగింది. రెండేళ్లకోసారి మారుతూ, మారిన ప్రతిసారీ గడువును మళ్లీ 20 ఏళ్లకు జరుపుకుంటే, రిటైరయ్యే నాటికీ అసలు సగం తీరదు. నెలవారీ భారం తగ్గడమే నిజంగా అవసరమైన కుటుంబాలూ ఉంటాయి. అది వేరే విషయం. అలాంటప్పుడు అది అవసరం కోసం చేసిన పని అని చెప్పాలి, లాభం అని కాదు.

రుణం పాతబడే కొద్దీ మార్పిడిలో మిగిలేదీ కరిగిపోతుంది. పై ఖాతాదారుడే పదేళ్లు కట్టాక, బాకీ 14 లక్షల 40 వేలు, గడువు ఐదేళ్లు ఉన్నప్పుడు అదే అర శాతం తగ్గింపుకు మారితే మిగిలేది మొత్తం మీద 20,700 రూపాయలే. ఖర్చుకే చాలదు.

ఖర్చు అంటే ప్రాసెసింగ్ ఫీజు ఒక్కటే కాదు. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, వీటిపై జీఎస్టీ, సెర్సాయ్ నమోదు, టైటిల్ డీడ్ల డిపాజిట్‌పై స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఉంటాయి. ఉర్లా వంటి చోట ఇంకో చిక్కు కూడా ఉంది. ఉద్యోగం ఇక్కడ, ఇల్లు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో. పాత బ్యాంకు పేరిట మెమొరాండం రిజిస్టరై ఉంటే అక్కడి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిలీజ్ చేయించాలి, లేకపోతే ఈసీలో పాత తాకట్టు అలాగే కనిపిస్తుంది. మళ్లీ కొత్త బ్యాంకు పేరిట రిజిస్టరు చేయించాలి. రెండుసార్లు సెలవు, రెండుసార్లు రైలు. ఏ క్యాష్‌బ్యాక్ ప్రకటనలోనూ ఈ ఖర్చు ఉండదు.

క్యాష్‌బ్యాక్ కోసం బ్యాంకులు మారే అలవాటు బాగా కనిపించింది ఆస్ట్రేలియాలో. అక్కడ స్థిరపడిన పిల్లల మాట విని ఇక్కడి తల్లిదండ్రులు మనల్ని అడుగుతుంటారు కూడా. రుణం మార్చుకుని వచ్చినవారికి అక్కడి బ్యాంకులు రెండు వేల నుంచి నాలుగు వేల డాలర్ల దాకా ఇచ్చాయి. 2022 మే నుంచి అక్కడి కేంద్ర బ్యాంకు రేట్లు పెంచడంతో పోటీ ముదిరింది, మార్జిన్లు తగ్గాయి. 2023 జూన్ నాటికి కామన్వెల్త్ బ్యాంకు సహా పెద్ద బ్యాంకుల్లో చాలావరకు ఆ ఆఫర్లు ఆపేశాయి. మన దేశంలో వచ్చినవి చాలావరకు దీనికి తలకిందులు. 2017లో యాక్సిస్ బ్యాంకు తెచ్చిన పథకంలో 12 ఈఎంఐల మాఫీ, 4వ, 8వ, 12వ ఏడాది చివర నాలుగేసి చొప్పున. అంటే అది వచ్చినవారికి కాదు, ఉండిపోయినవారికి ఇచ్చే బహుమతి. మధ్యలో మారినవారు దాన్ని వదులుకున్నట్టే.

ఇక మన వైపు నుంచి చేయాల్సింది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త చర వడ్డీ గృహ రుణాలన్నీ బయటి బెంచ్‌మార్కుతో ముడిపడి ఉన్నాయి. 2025లో రెపో రేటు 6.50 నుంచి 5.25 శాతానికి దిగింది. రెపోతో ముడిపడిన పాత ఖాతాదారుడికి ఆ తగ్గింపు దానంతట అదే అందాలి. "రేట్లు తగ్గాయి కాబట్టి మారుతున్నా" అన్నవారు నిజానికి పోల్చాల్సింది స్ప్రెడ్‌ను మాత్రమే. ఇంకా బేస్ రేటులోనో ఎంసీఎల్‌ఆర్‌లోనో ఉండిపోయినవారి సంగతి వేరు. వారిని మనమే పిలిచి మార్పు గురించి చెప్పాలి. స్ప్రెడ్‌లో క్రెడిట్ రిస్క్ ప్రీమియం కాక మిగతా భాగాలను మూడేళ్ల దాకా కదపకూడదన్న నియమాన్ని కూడా రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 1 నుంచి సడలించింది. ఖాతాదారుడికి మేలు చేసేటట్టయితే ముందే తగ్గించవచ్చు. సక్రమంగా కడుతున్న ఖాతాదారుడు ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అడిగిన రోజే ఈ మాట చెప్పాలి. స్టేట్‌మెంట్ ప్రింటు తీసి ఇచ్చేసి, మర్నాడు ఫోన్ చేస్తే ఏం లాభం? అప్పటికి ఎదుటి బ్యాంకు మంజూరు పత్రం చేతిలో ఉంటుంది.

ఆ మంజూరు పత్రంతో పాటు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ కూడా ఇవ్వాలన్నది 2024 అక్టోబరు నుంచి నిబంధన. అది తెమ్మనండి. అందులో ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటు, గడువు, మొత్తం చెల్లింపు ఒకేచోట ఉంటాయి. మన ఖాతాలోని మిగిలిన గడువుతో పక్కపక్కన పెట్టి చూస్తే పది నిమిషాల పని. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద క్రెడిట్ లింక్డ్ వడ్డీ రాయితీ పొందినవారైతే, బ్యాంకు మారినంత మాత్రాన రాయితీ రెండోసారి రాదని గుర్తుచేయండి.

అన్నీ చూశాక కూడా మారడమే లాభమని తేలితే మర్యాదగా పంపించాలి. రుణం తీరిన 30 రోజుల్లోగా అసలు దస్తావేజులు ఇచ్చి, చార్జి తొలగించాలి. మన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం. దస్తావేజులను రుణం నడిచిన శాఖలో తీసుకోవాలా, అవి లభ్యమయ్యే మరో కార్యాలయంలో తీసుకోవాలా అన్నది ఖాతాదారుడి ఇష్టం. ఇల్లు ఆంధ్రలో, ఉద్యోగం ఉర్లాలో ఉన్నవారిని ఈ సంగతి ముందే అడిగి రాసుకోవాలి.