మాఘమాసపు ఆకుకూర మడి

సందెవేళ గడప తగిలి పడిన బిడ్డను పరాకుగా నడచెనని మందలింతుము. అది రేచీకటి కావచ్చును. ‘ఎ’ విటమిను కొరత దానికి ముఖ్యకారణము. అట్టి బిడ్డను వెంటనే వైద్యునికి చూపవలెను. ఆ కొరత రాకుండుటకు మాత్రము పెరటి ఆకుకూరలు మంచి సాధనము.

మాఘమున చలి తగ్గగానే మంచమంత స్థలమును జానెడు లోతు త్రవ్వి, చివికిన పశువుల ఎరువు కలుపవలెను. తోటకూర విత్తులు మిక్కిలి సన్ననివి. ఇసుకతో కలిపి చల్లనిచో ఒకేచోట గుంపుగా మొలచును. బియ్యము కడిగిన నీటినిగూడ మడికే పోయవచ్చును. నెలనాళ్ళకు కూర కోతకు వచ్చును. వేళ్ళతో పెరుకక, మొదలు విడిచి కోసినచో మరల చిగుర్చును.

వండునపుడు కొంత నూనె వేయుట మరువరాదు. ఆకులలోని కెరోటిను దేహమున ‘ఎ’ విటమినుగా మారును గాని, కొవ్వు తోడు లేనిదే సరిగా ఒంటబట్టదు. పసివారికి కూరను మెత్తగా మెదిపి అన్నములో కలిపి పెట్టవలెను.