మీటరు కూడా గుర్తు పెట్టుకుంటుంది



పోయిన ఎండాకాలం మన నీళ్ల మోటరు కాలిపోయి నాలుగు రోజులు బిందెలు మోసినాము కదా. రిపేరు చేసే అన్న పొద్దున వచ్చి మల్టీమీటరు పెట్టి చూస్తే 230 వోల్టులు ఉంది. "కరెంటు బాగానే ఉందే" అన్నాడు. మరి మోటరు ఎందుకు కాలింది?

చుట్ట మళ్లీ చుట్టించినాక సైన్సు సారు సాయంత్రం అదే మీటరును మిన్‌మ్యాక్స్‌లో పెట్టి గంటసేపు వదిలేసినారు. ఎక్కువ 232, తక్కువ 171 అని వచ్చింది. అందరూ మోటర్లు వేసే పొద్దులో వోల్టేజి పడిపోతా ఉంది. వోల్టేజి తగ్గితే మోటరు అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతుంది. చుట్ట వేడెక్కి కాలుతుంది. దొంగ సాయంత్రం వస్తే పొద్దున చూసి ఏం లాభం?

1923లో బ్రిటన్ తపాలా శాఖ ఇంజనీరు డోనాల్డ్ మకాడీ తెచ్చిన ఏవో మీటరులో ముల్లు ఉండేది. ముల్లు ఊగింది మనం చూడకపోతే పోయినట్టే. ఇప్పటి డిజిటల్ మీటరుకు జ్ఞాపకం ఉంది. అది ఎట్లనో చెప్తాను.

మా అవ్వకు చదువు రాదు. పాలు పోసిన రోజల్లా గోడ మీద బొగ్గుతో గీత గీస్తుంది. మీటరు జ్ఞాపకం కూడా అట్లాంటిదే.

1. హోల్డ్: తెర మీది అంకెను అట్లే నిలుపుతుంది. ఒక్క గీత మాత్రమే.

2. మిన్‌మ్యాక్స్: అన్నిటికన్నా చిన్నది, పెద్దది మాత్రం దాచుతుంది. ముందే సరైన రేంజి పెట్టుకోవాలి. గుండ్రటి స్విచ్చి తిప్పితే దాచినది పోతుంది. కాబట్టి ముందు నోటుబుక్కులో రాసుకోవాలి.

3. రెల్: మొదటి అంకెను దాచి, తరువాత వచ్చే వాటి నుండి తీసేస్తుంది. చిన్న రెసిస్టెన్సు కొలిచేటప్పుడు మీటరు తీగల రెసిస్టెన్సు కలవకుండా ఇది పనికొస్తుంది.

4. లాగ్: ఖరీదైన మీటర్లలోనే ఉంటుంది. అవ్వ గోడ మాదిరి అన్ని గీతలూ దాచుతుంది. కానీ గోడ నిండిపోతుంది కదా! 1000 అంకెలు పట్టే మీటరులో సెకనుకు ఒకటి దాచితే 16 నిమిషాల 40 సెకన్లకే నిండుతుంది. నిమిషానికి ఒకటి అయితే 16 గంటల 40 నిమిషాలు వస్తుంది. ఎంతసేపు చూడాలో ముందు లెక్క వేసుకుని సెట్ చెయ్యాలి. పాతవి రాసుకున్నాకనే చెరపాలి.

జాగ్రత్త! హోల్డ్ నొక్కి మరిచిపోతే తీగలో కరెంటు వచ్చినా తెర మీద పాత సున్నానే ఉంటుంది. అది నమ్మి తీగ ముట్టుకుంటే ప్రాణం పోతుంది. కొలిచే ముందు తెర మీద హోల్డ్ గుర్తు ఉందా అని చూడాలి. సారు లేకుండా ప్లగ్గులో మీటరు పెట్టకూడదు.

ఇప్పుడు మన మోటరు తెల్లవారుజామునే వేస్తున్నారు. వోల్టేజి తగ్గితే తానే ఆపే స్టార్టరు కూడా పెట్టిస్తే మంచిదని వార్డెన్ మేడంకు మనవి. బిందెలు మోసే పొద్దు చదువుకు మిగులుతుంది.

— 9వ తరగతి విద్యార్థిని