పాదమునకు తగిన పాదరక్ష

మందు కొరకు వచ్చిన రోగితో "ముందు మీ చెప్పులు ఇటు తెప్పించండి" అని నేననగానే పలువురు చిన్నబుచ్చుకొనుట కద్దు. వైద్యుడు నాడి చూడవలెను గాని చెప్పులు చూచుట ఏమని వారి సందేహము. చరక సంహిత సూత్రస్థానము అయిదవ అధ్యాయములో అభ్యంగము, స్నానము మొదలగు నిత్యవిధుల వరుసలోనే పాదత్రధారణము కూడ చెప్పబడినది. అది కంటికి, స్పర్శకు హితమనియు, బలకరమనియు ఆచార్యుని మతము. గురుకులములో దీనిని వల్లించితిని గాని, అర్థము తెలిసినది మాత్రము చాలాకాలమునకు, మా చీపురుపల్లిలోని ఒక మేష్టారి పాదము వలన.

వారికి పండ్రెండేండ్లుగా మధుమేహము. కుడి బొటనవ్రేలి క్రింద పుండు పడి నా వద్దకు వచ్చినారు. త్రిఫలా కషాయముతో కడిగించి, జాత్యాది తైలము వేయించుచుంటిని. మూడు వారములైనను మానలేదు. ఒకనాడు వారి ఇల్లాలు చెప్పు తిరగవేసి చూపినది. అట్టలో నుండి మేకు మొన పైకి పొడుచుకొని వచ్చియున్నది! మేష్టారికి స్పర్శ లేనందున తెలియలేదు. స్పర్శ ఉన్న నేను ఆ చెప్పును ఒక్కమారైనను తడిమి చూడలేదు. ఆ తప్పు నాది. విజయనగరములోని శస్త్రవైద్యుని వద్దకు పంపితిని. వ్రేలు పోయినది, పాదము దక్కినది.

ఈ విషయము లోకమునకు నేర్పినది కుష్ఠురోగుల పాదములు. వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, ఆ పుండ్లు వ్యాధి మాంసమును తినుట వలన గాక, నొప్పి తెలియక అదేచోట మరల మరల ఒత్తిడి పడుటచే కలుగునవని చూపినారు. దానినుండియే మైక్రో సెల్యులర్ రబ్బరు అట్ట వేసిన చెప్పులు వాడుకలోనికి వచ్చినవి. మన ప్రాంతమువారికి సాలూరు కుష్ఠువైద్యశాల తెలిసినదే. అటువంటి చోట్ల వాడిన ఆ చెప్పులే నేడు మధుమేహులకును రక్ష. "ఆ రోగుల చెప్పులా?" అని ముఖము చిట్లించువారున్నారు. వారికి నా వద్ద మందు లేదు.

కుట్టించుకొనునప్పుడు సాయంకాలము కొలత ఇవ్వవలెను. అప్పటికి పాదము కొంత ఉబ్బియుండును. కాగితముపై రెండు పాదములను మోపి నిలువబడవలెను, కూర్చుండి ఇచ్చిన కొలత చాలదు. పొడవైన వ్రేలికి ముందు ఒక సెంటీమీటరు జాగా ఉండవలెను. మేకులు కూడవు, జిగురుతోను దారముతోను పని జరుగవలెను. మడమ వెనుక పట్టీ తప్పనిసరి, ఏలయనగా స్పర్శ లేని పాదమునుండి చెప్పు జారిపోయినను తెలియదు. వ్రేళ్ళ నడుమ పట్టీ గల హవాయి చెప్పు వీరికి పనికిరాదు. లోపలి అట్టను బొటనవ్రేలితో నొక్కిన అణగి, విడువగానే పైకి లేవవలెను. అణగినది లేవనినాడు మార్పించవలెను. క్రొత్తజతను మొదటిదినము ఒక గంటకు మించి తొడుగక, విప్పినపిదప ఎఱ్ఱని మచ్చలున్నవేమో ఇంటివారిచేత చూపించుకొనవలెను. బుడిపెల చెప్పులు రక్తప్రసరణమునకు మంచివని అంగళ్ళలో చెప్పుదురు. మొద్దుబారిన పాదమునకు అవి శత్రువులు.

మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములలో బోదకాలు, అనగా శ్లీపదము, గలవారు ఎందరో కలరు. అంగడి చెప్పు పట్టక వట్టికాళ్ళతో తిరుగుట, గాయమగుట, జ్వరము, మరింత వాపు. ఇది వీరి కథ. వాపు దినమంతయు ఒకేరీతి నుండదు గనుక, బిగువు సడలింపదగిన వెడల్పు పట్టీలతో కుట్టించవలెను. ప్రతిదినము సబ్బుతో కడిగి వ్రేళ్ళ సందులు తడియారజేయనిదే ఏ చెప్పును ఫలింపదు.

మడమ నొప్పి, అనగా వాతకంటకము, గలవారందరు ప్రత్యేకముగా కుట్టించుకొననక్కరలేదు. చాలామందికి మడమ క్రింద మెత్తని అట్ట, తైలాభ్యంగము, కొన్నాళ్ళ విశ్రాంతి చాలును.

ఆషాఢ పౌర్ణమికి సింహాచల గిరిప్రదక్షిణము, సుమారు 32 కిలోమీటర్లు, వట్టికాళ్ళతో చేయుదునని మేష్టారు పట్టుపట్టిరి. ఇల్లాలు ఒప్పుకొనలేదు, నేనును ఒప్పుకొనలేదు. "చెప్పులతో పోయిన స్వామి కోపించునా, శాస్త్రిగారూ?" అని ఆమె అడిగినది. కోపింపడని చెప్పితిని. ఇప్పుడు మేష్టారికి రెండు జతలు. రెండవది ఇంటిలో తిరుగుటకు.