నామమునకు లిపి తొడిగిన వేషములు

2022 డిసెంబరు 6వ తేదీన, ఖతరు దేశమున జరిగిన ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో, నూట యిరువది నిమిషముల యాట గోలు లేకయే ముగిసిన పిదప, పెనాల్టీ కిక్కులలో గోలుకీపరు ఒక ప్రక్కకు దుముకగా బంతిని మెల్లగా నడుమకు ఎగురవైచి, స్పెయినుపై మొరాకోకు విజయము చేకూర్చిన యువకుడు, 1998లో ఆ స్పెయిను రాజధానియైన మాడ్రిడ్ నగరముననే జన్మించినవాడు. అతని పేరును రోమను లిపిలో చూచి చదువబోయిన తెలుగువానికి మొదట ‘అచ్రాఫ్’ అని తోచుట సహజము. కాని యతని పేరు అది కాదు; అష్రఫ్ హకీమీ.

ఈ ‘చ’ యెక్కడిది? 1912 మొదలు 1956 వఱకు మొరాకోలో అధిక భాగము ఫ్రెంచివారి సంరక్షిత రాజ్యముగా నుండుటచే, అచటి పేర్లను రోమను లిపిలో వ్రాయు పద్ధతి ఫ్రెంచి వర్ణక్రమమును అనుసరించినది. అరబ్బీ ‘షీన్’ అక్షరమునకు ఇంగ్లీషువారు ఎస్, హెచ్ అను రెండక్షరములను వాడగా, ఫ్రెంచివారు సీ, హెచ్ అను జంటను వాడుదురు. ఈ జంట ఒక్కొక్క భాషలో ఒక్కొక్క ధ్వనికి గుర్తు. స్పానిషున అది చకారము, జర్మనున అకారము పిమ్మట కంఠమును ఒరసికొనిపోవు ఖకారసదృశమైన ఊష్మము, ఇటాలియనున కకారము, ఫ్రెంచున షకారము. హకీమీ మాడ్రిడ్‌లో ఆట నేర్చి, 2018లో జర్మనీలోని డార్ట్‌మండునకును, 2020లో ఇటలీలోని మిలానునకును, 2021లో పారిసునకును చేరినవాడు గావున, ఆ రెండక్షరముల నాలుగు ఉచ్చారణములు గల నాలుగు దేశములను అతని పేరు చుట్టివచ్చినది.

ఇక హ్రస్వదీర్ఘముల మాట. అరబ్బీలో ‘అష్రఫ్’ అనగా మిక్కిలి గౌరవనీయుడు. తుదియచ్చును సాగదీసి ‘అష్రాఫ్’ అన్నచో అది ‘షరీఫ్’ అను పదమునకు బహువచనమై, కులీనులు అను నర్థము నిచ్చును. అట్లే ‘హకీం’ అనగా జ్ఞాని. యునానీ వైద్యుని హకీము అని మనవారును పిలుచుట యిందుండియే వచ్చినది. ‘హాకిం’ అన్నచో పాలకుడు. రోమను లిపిలో సాధారణముగా ఈ భేదము కానరాదు. తెలుగు లిపిలో ఒక్క దీర్ఘముతో తేటపడును. చివరి ‘ఈ’కారము సంబంధమును తెలుపు ప్రత్యయము, హైదరాబాదు నుండి హైదరాబాదీ వచ్చినట్లే హకీం నుండి హకీమీ వచ్చినది.

అయినను మన లిపికి అందని ధ్వని యొకటి ఈ పేరున గలదు. మన హకారము కంఠబిలమున నాదతంత్రుల చెంత పుట్టును. హకీమీలోని తొలి హల్లు అది కాదు. నాలుక మూలము వెనుకకు జరిగి గళకుహరపు వెనుక గోడను సమీపింపగా, ఆ యిరుకుదారిన శ్వాస ఒరసికొని వెలువడును. అరబ్బీలో ఈ రెండు ధ్వనులకును వేర్వేరు అక్షరములున్నవి. ఫ్రెంచి, స్పానిషు భాషలలో హెచ్ అక్షరము నిశ్శబ్దము గావున, ఆ భాషల రీతిని చదివినచో మిగులునది ‘అకీమీ’ మాత్రమే.

అట్లని రోమను లిపియే ఎల్లప్పుడును దోషి యనుట న్యాయము కాదు. అదే పోటీలలో పోర్చుగల్లుపై తలతో గోలు కొట్టిన యూసుఫ్ అన్నుసైరీ పేరును చూడుడు. అరబ్బీలో ‘అల్’ అను ఉపపదమునకు పిమ్మట, సూర్యాక్షరములని పేరుగన్న పదునాలుగు హల్లులలో నేదైన వచ్చినచో, లకారము ఆ హల్లుగా మాఱిపోవును. జగత్, నాథ శబ్దములు కలిసి జగన్నాథుడైనట్లే అల్, నుసైరీ కలిసి అన్నుసైరీ అగును. మనము సంధి జరిగిన రూపమునే వ్రాయుదుము. అరబ్బీవారు పలుకని లకారమును వ్రాతలో నిలుపుకొందురు. ఫ్రెంచి వర్ణక్రమమో, ‘ఎన్’ అని వ్రాసి, మూలలిపి దాచిన ధ్వనినే బయటపెట్టినది. మొరాకోవారి నోట హ్రస్వములు క్షీణించు రీతియు అందు కొంత కానవచ్చును.

కావున పరదేశీయుని పేరును తెలుగున వ్రాయబూనువాడు కంటిని గాక చెవిని నమ్ముట మేలు. ‘హకీమీ’ అని వ్రాసినప్పుడు, రోమను లిపి దారిలో జారవిడిచిన రెండు దీర్ఘములను మనము తిరిగి యిచ్చుచున్నాము. ఆ తొలి హల్లు ఋణము మాత్రము తీర్పలేకున్నాము.