ఓటు యంత్రం మన మాట ఎలా వింటుంది?

2024 మే 13న అనకాపల్లిలో ఓట్లు వేశారు. ఎమ్మెల్యేకు ఒక యంత్రం. ఎంపీకి ఇంకో యంత్రం. యంత్రం ముందు నిలబడితే కొందరు అక్కలకు గుండె దడ. "మెల్లగా నొక్కితే ఓటు పడదేమో! రెండుసార్లు నొక్కితే చెల్లదేమో!" యంత్రం ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఈ భయం పోతుంది.

ఇంట్లో స్విచ్ వేస్తే కరెంటు తిన్నగా బల్బుకు పోతుంది. ఓటు యంత్రంలో అలా కాదు. మధ్యలో ఒక చిన్న చిప్పు ఉంటుంది. దాని పేరు మైక్రోకంట్రోలర్. దానికి సన్నని కాళ్లు ఉంటాయి.

కొన్ని కాళ్లు చెవుల్లాంటివి. కబురు లోపలికి తెస్తాయి. బటన్ నొక్కారా, లేదా? ఆ కబురు అంతే. నొక్కితే ఒక గుర్తు, నొక్కకపోతే ఇంకో గుర్తు. ఒకటి, సున్నా అన్నమాట. గట్టిగా నొక్కారా, మెల్లగా నొక్కారా అన్నది దానికి అక్కర్లేదు. బటన్ లోపలికి దిగితే చాలు.

మరికొన్ని కాళ్లు చేతుల్లాంటివి. దీపం వెలిగిస్తాయి, ఆర్పుతాయి. కూత పెట్టిస్తాయి. ఎప్పుడు ఏం చేయాలో చిప్పులో ముందే రాసి ఉంటుంది. దాన్నే ప్రోగ్రాం అంటారు.

ఇప్పుడు వరుస చూడండి. పోలింగ్ అధికారి తన దగ్గరున్న పెట్టె మీద బటన్ నొక్కుతారు. మీ ముందున్న యంత్రం మీద పచ్చ దీపం వెలుగుతుంది. ఒక్క ఓటుకు అనుమతి వచ్చిందన్నమాట. మీకు నచ్చిన గుర్తు పక్కనున్న నీలం బటన్ నొక్కండి. అక్కడే ఎర్ర దీపం వెలుగుతుంది. పక్క పెట్టె అద్దంలో చీటీ 7 సెకన్లు కనబడుతుంది. దాని మీద మీరు నొక్కిన గుర్తే ఉందా, చూసుకోండి. తర్వాత చీటీ లోపల పడిపోతుంది. బీప్ మని కూత వినిపిస్తుంది. ఓటు పడింది.

మళ్లీ నొక్కితే? చిప్పు పట్టించుకోదు. అధికారి మళ్లీ అనుమతి ఇస్తేనే ఇంకో ఓటు. కాబట్టి మొదట నొక్కిందే మీ ఓటు. గుర్తు బాగా చూసుకుని మరీ నొక్కండి.

ఈ యంత్రాలను 1982లో కేరళలోని పరవూరులో మొదటిసారి వాడారు. 2004 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా వాడారు. హైదరాబాదులోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్ వీటిని తయారుచేస్తాయి. ఇవి బ్యాటరీతో నడుస్తాయి. ఊళ్లో కరెంటు పోయినా ఆగవు.

చీటీ కనబడలేదా? కూత రాలేదా? బయటికి వచ్చేయకండి. అక్కడి అధికారికి చెప్పండి. మొహమాటం వద్దు. ఎవరికి ఓటు వేశారో మాత్రం చెప్పక్కర్లేదు.

చెప్పండి చూద్దాం: పచ్చ దీపం ఎందుకు వెలుగుతుంది? రెండుసార్లు నొక్కితే ఎన్ని ఓట్లు పడతాయి?