వాన పడితే దేవుడి పేరా?

ఇన్సూరెన్సు కాగితాల్లో కనిపించే ‘యాక్ట్ ఆఫ్ గాడ్’ సంగతి అడిగావు కదరా చిన్నోడా. గుళ్లో వ్యవహారమేం కాదులే. మనిషి ప్రమేయం లేకుండా ప్రకృతి విరుచుకుపడింది, దాన్ని ముందు ఊహించడం గానీ ఆపడం గానీ ఎవరి తరమూ కాదు అని కోర్టులో ఒప్పించగలిగితే, నష్టపరిహారం కట్టే పని తప్పుతుంది. కానీ ఒప్పించడం అంత తేలిక కాదు.

ఇంగ్లండులో మార్స్‌లాండ్ అనే భూస్వామి తోటలో అందం కోసం వాగుకు కట్టలు వేసి చెరువులు చేశారు. ఎవరూ కనీవినీ ఎరగని వానకు అవి తెగి, దిగువన వంతెనలు కొట్టుకుపోయాయి. 1876లో అప్పీలు కోర్టు తప్పు లేదు పొమ్మంది. స్కాట్లాండులో గ్రీనాక్ మునిసిపాలిటీ, పిల్లల ఆటకని వాగులో మడుగు కట్టింది. పెద్ద వానకు నీళ్లు వీధి మీదుగా రైల్వేవాళ్ల ఆస్తి మీద పడ్డాయి. 1917లో ఆఖరి అప్పీలు విన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ మాత్రం దేవుడి మీదకు నెట్టనివ్వలేదు. వాగు దారికి అడ్డుపడింది మనిషే కదా!

మన కార్వేటినగరం జమీందారుదీ ఇలాంటి కథే. చెరువులు తెగి మద్రాసు రైల్వే లైను దెబ్బతింటే కంపెనీ దావా వేసింది. 1874లో, అప్పట్లో మన కేసులకు ఆఖరి కోర్టైన ప్రీవీ కౌన్సిల్ ఏమందంటే, ఈ చెరువులు తరతరాలవి, ఊళ్లకు నీళ్లిచ్చేవి, పూడ్చేసే హక్కు ఆయనకు లేదు, నిర్లక్ష్యం ఉంటేనే బాధ్యత. నాకు ఈ తీర్పంటే ఇష్టం. సరదా మడుగునీ సేద్యపు చెరువునీ ఒకే గాటన కట్టలేదు.

మరి వాన ‘కనీవినీ ఎరగనిది’ అని తేల్చేదెవరు? అప్పట్లో ఎక్కువగా ఊరి పెద్దల జ్ఞాపకమే ఆధారం. ఇప్పుడు రోజూ పొద్దున 8:30కి వానమాపకం సీసాలో నీళ్లు గీతల గాజు గొట్టంలో పోసి, మిల్లీమీటర్లలో రాసుకుంటారు. మన వాతావరణ శాఖ 1875లోనే పుట్టింది.

అలా రాసుకున్న వాన లెక్కల పుస్తకాలు తిరగేసి ‘నూరేళ్ల వాన’ అంటారు చూడు, అంటే ఇప్పుడొస్తే మళ్లీ నూరేళ్లకని కాదు. ఏ ఏడైనా నూటికి ఒక వంతు అవకాశం. పచ్చీసు గవ్వలకు పోయిన పందెం గుర్తుండదు, వానకూ అంతే. లెక్క కడితే 30 ఏళ్లలో ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 26. ఇంటి అప్పు తీరేలోపు నాలుగో వంతన్నమాట! అలాంటి వానకు మురుక్కాలవ చాలలేదని కాంట్రాక్టరు పైకి చెయ్యి చూపిస్తే, జడ్జిగారు వాన లెక్కలు తెమ్మనకుండా ఎందుకుంటారు?