రోమను నగరాల రాగి నాణెములు ఎంత దూరము పోయినవి?

నల్లగొండ జిల్లాలోని అక్కనపల్లిలో ఒకే నిధిగా పదిహేను వందలకు పైగా రోమను వెండి నాణెములు దొరికినవి. వాటిపై ఉన్నవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల బొమ్మలు. ఈ ఇద్దరి నాణెములలో దక్షిణ భారతమునకు ఎక్కువగా వచ్చిన రకములు గాల్ దేశములోని లుగ్డునమ్ టంకశాలలో ముద్రింపబడినవి. ఆ ఊరే నేటి ఫ్రాన్సులోని లియోన్. అక్కడినుండి నల్లగొండకు సూటిగా కొలిచినను ఏడువేల కిలోమీటర్లకు పైమాటే. ఐతే అదే సామ్రాజ్యములో, చిన్న ఆసియాలోని ఒక నగరము వేసిన రాగి నాణెము తరచు పొరుగు నగరము దాటి పోలేదు. ఈ తేడాకు కారణమేమి?

రోమను సామ్రాజ్యములో రెండు తరగతుల నాణెములు ఉండేవి. మొదటివి చక్రవర్తి వేయించిన బంగారు ఆరియస్, వెండి డెనారియస్. ఇవి దాదాపు అంతటా చెల్లేవి. రెండవవి రాష్ట్రములలోని నగరములు తమ పేరుతో వేసికొన్న నాణెములు. వీటిలో అధిక భాగము రాగి, కంచు, ఇత్తడి చిల్లరయే. ఒక వైపు సాధారణముగా చక్రవర్తి ముఖము, రెండవ వైపు ఆ నగరపు దేవత, గుడి, నది వంటి బొమ్మ ఉండేవి. ఐదు వందలకు పైగా నగరములు ఏదో ఒక కాలములో ఇట్టి నాణెములు వేసినవి. పడమటి రాష్ట్రములలో ఈ పద్ధతి క్రీ.శ. మొదటి శతాబ్ది మధ్య నాటికే ఆగిపోయినది. తూర్పున మూడవ శతాబ్ది ఉత్తరార్ధము వరకు సాగినది.

వెండి నాణెమును ఎక్కడికి తీసికొనిపోయినా దానిలోని లోహమునకు విలువ ఉంటుంది. రాగి చిల్లర సంగతి వేరు. దానిపై కట్టిన విలువ లోహపు విలువకంటె ఎక్కువ. ఆ అదనపు విలువకు ఆధారము నగరము మాట ఒక్కటే. నగరపు ఎల్ల దాటగానే ఆ మాటకు బలము తగ్గుతుంది. పైగా రాగి బరువు. కొద్ది విలువకు పెద్ద మూట మోయవలెను.

షరాబుల వట్టము మరొక కారణము. పెర్గమమ్ నగరములో దొరికిన ఒక శాసనము హేడ్రియన్ చక్రవర్తి కాలమున షరాబులపై వచ్చిన ఫిర్యాదులను తెలుపుతుంది. అక్కడి షరాబులు డెనారియస్ తెచ్చినవారికి 17 ఆస్‌లు ఇచ్చేవారు. డెనారియస్ కావలసినవారినుండి 18 ఆస్‌లు పుచ్చుకొనేవారు. విద్యార్థులు ఈ లెక్క చేసి చూడవచ్చును. ఒక బాటసారి డెనారియస్‌ను చిల్లరగా మార్చి, ఆ చిల్లరను మరల వెండిగా మార్చితే అతనికి మిగిలేది 17/18 వంతు. ఇదే ధరతో నాలుగు ఊళ్లలో మార్చితే మిగిలేది నూటికి దాదాపు 80 మాత్రమే. కాబట్టి వర్తకుడు ఊరిలో అవసరమైనంత చిల్లరయే తీసికొనేవాడు, ప్రయాణమునకు వెండినే ఉంచుకొనేవాడు. రాగి ఊరిలోనే నిలిచిపోయేది.

ఈజిప్టులో ఈ కట్టుబాటు మరింత గట్టిది. అక్కడ అలెగ్జాండ్రియా టంకశాల వేసిన టెట్రడ్రాక్మాలే చెలామణి. వాటిలో వెండి తక్కువ, రాగి ఎక్కువ. ఐనను లెక్కలో ఒక టెట్రడ్రాక్మా ఒక డెనారియస్‌కు సమానము. కనుక వాటిని దేశము వెలుపలికి కొనిపోయినవారికి నష్టమే. ఈజిప్టు బయట అవి అరుదు, ఈజిప్టు లోపల డెనారియస్‌లు అరుదు. భారతదేశమునకు వచ్చిన ఓడలు ఈజిప్టులోని ఎర్రసముద్రపు రేవులనుండే బయలుదేరేవి. ఐనను మన నిధులలో ప్రధానముగా కనిపించేవి అలెగ్జాండ్రియా నాణెములు కావు, దూరపు గాల్‌లో ముద్రించిన మేలిమి వెండి నాణెములే.

ఐతే రాగి ఎన్నడును దూరము పోలేదని అనుకొనరాదు. దానిని మోసికొనిపోయినవారిలో ముఖ్యులు సైనికులు. దక్షిణ గాల్‌లోని నెమౌసస్ (నేటి నీమ్) నగరపు నాణెముపై తాటిచెట్టునకు కట్టిన మొసలి బొమ్మ ఉన్నది. ఇవి సుమారు 900 కిలోమీటర్ల దూరమున జర్మనీలోని ఓబరాడెన్ సైనిక శిబిరములో విరివిగా దొరికినవి. ఆ శిబిరము క్రీ.పూ. 11 నుండి 8 వరకు మాత్రమే ఉన్నది.

యూఫ్రటీస్ తీరమున ఉన్న డూరా-యూరోపస్ ఇంకొక సాక్ష్యము. ఈ పట్టణము సుమారు క్రీ.శ. 256లో ససానియన్ల ముట్టడిలో నాశనమైనది. 1928 నుండి 1937 వరకు జరిగిన తవ్వకములలో ఇక్కడ దాదాపు 14,000 నాణెములు దొరికినవి. ఆల్ఫ్రెడ్ బెలింజర్ వాటిని పరిశీలించి 1949లో గ్రంథము ప్రకటించినాడు. వాటిలో ఎడెస్సా, అంతియొకయ వంటి నగరముల నాణెములు హెచ్చు. ఇవి మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరములోని ఊళ్లు. వాటితోపాటు పదిహేను వందల కిలోమీటర్లకు ఆవలనున్న గ్రీసు దక్షిణ భాగమగు పెలొపొనేసస్ నాణెములును ఉన్నవి. అవి సరిహద్దుకు నడచిన సేనలతో వచ్చి ఉండవలెనని పండితుల ఊహ.

పరాయి నాణెము చెల్లుటకు కొన్నిచోట్ల దానిపై మరొక చిన్న ముద్ర కొట్టేవారు. క్రీ.శ. 70లో యెరూషలేము పతనమైన తరువాత అక్కడ నిలిచిన పదవ సేనాదళము వివిధ నగరముల నాణెములపై తన పేరు పొడి అక్షరములను, అడవిపంది, ఓడ గుర్తులను కొట్టినది. దళము హామీ ఉన్నచోట ఆ నాణెము చెల్లినది.

ఈ విషయములు నాణెము ముఖము చూచి తెలిసినవి కావు. ముద్రించిన చోటు నాణెము మీదనే ఉండవచ్చును, కాని అది ఎంత దూరము పోయినదో చెప్పేది అది దొరికిన చోటు మాత్రమే. అంగడిలో చేతులు మారి ప్రదర్శనశాలకు చేరిన నాణెము ఎంత అందమైనదైనను ఈ ప్రశ్నకు సమాధానము ఇవ్వజాలదు. ఒక్క నాణెమును చూచి నిర్ణయము చేయుటయు తగదు. అది ఏ బాటసారి జేబునుండి జారినదో ఎవరికి తెలుసు? ఒకేచోట దొరికిన వందలాది నాణెములను లెక్కించి, ఏ ఊరివి ఎన్ని అని పోల్చవలెను. నిధిలో దాచినవాడు మేలైన వెండిని ఏరి ఉంచుతాడు. వీధిలో పోగొట్టుకొన్నది సాధారణముగా చిల్లర. ఈ రెంటిని కలిపి లెక్క కట్టరాదు.

మన ఊళ్లలో కూడ పొలము దున్నునప్పుడు, పునాదులు తీయునప్పుడు పాత నాణెములు బయటపడుతుంటవి. 1878నాటి నిధుల చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరునకు తెలుపవలెను. ఉపాధ్యాయులు ఈ సంగతి విద్యార్థులకు చెప్పవలెను. నాణెములను చింతపండుతో తోమరాదు, పంచుకొనరాదు. ఏ పొలములో, ఎంత లోతున, వేటితో కలిసి దొరికినవో వెంటనే వ్రాసి ఉంచవలెను. ఆ నాలుగు వాక్యములు పోయినచో నాణెము మిగిలినను దాని ప్రయాణకథ మరల దొరకదు.